గుట్ట తొవ్వల మీద సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున పాలమూరు చుట్టుపక్కల గుట్టల్లో సైకిళ్లు తొక్కే చిన్న గుంపు మాది. కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. నల్గొండ దిక్కు నుంచి అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. అందుకే అన్నింటికీ ఒకచోట జవాబులు రాశాను. సగం ప్రశ్నలు తొక్కడం గురించి, సగం తొవ్వలు కాపాడుకోవడం గురించి. నా మటుకు నాకు ఈ రెండూ వేరు కావు. తొవ్వ పాడైతే తొక్కేదేముంది?

మన దగ్గర మౌంటెన్ బైక్ తొక్కేంత కొండలు, అడవులు ఉన్నాయా?

ఉన్నాయి. హిమాలయాల ఫొటోలు చూసి వచ్చినవాళ్లకు ముందు నమ్మకం కుదరదు. మనవి ఎత్తైన కొండలు కావు, గుట్టలు. గ్రానైటు పరుపు బండలు, వాటి మధ్య ఎర్ర చెల్క నేల, మొరం, మోదుగ, తంగేడు, రేల, సీతాఫలం పొదలు. కోయిల్‌కొండ దిక్కు, మన్యంకొండ దిక్కు, దేవరకొండ చుట్టూ, నారాయణపూర్ పక్కన రాచకొండ గుట్టల్లో కాలిబాటలు, బండిబాటలు ఎన్నో ఉన్నాయి. మనం వేసినవి కావు అవి. పశువులు, గొర్రెలు, కట్టెలకు పోయేవాళ్లు, జాతరకు నడిచేవాళ్లు తరతరాలుగా తొక్కి తొక్కి వేసిన తొవ్వలు. బండ మీద టైరు పట్టు బాగా ఉంటుంది. మొరం మీద జారుతుంది. ఒకే కిలోమీటరులో ఈ రెండూ వస్తాయి కాబట్టి సైకిల్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఎలాంటి సైకిల్ కొనాలి?

మొదటి ఏడాది ఖరీదైనది వద్దు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, 2.1 నుంచి 2.3 అంగుళాల వెడల్పు టైర్లు ఉంటే మన గుట్టలకు చాలు. వెనక సస్పెన్షన్ లేకపోయినా నష్టం లేదు. చవక సైకిళ్లకు వెనక స్ప్రింగు పెట్టి అమ్ముతారు, దానితో బరువు పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. చక్రం 27.5 అంగుళాలా, 29 అంగుళాలా అన్న తగువు మీ ఎత్తును బట్టి తేలుతుంది. దుకాణంలో ఎక్కి చూసుకోండి.

హెల్మెట్ మీద మాత్రం బేరం లేదు. బండ మీద పడితే నేల మెత్తగా తీసుకోదు.

ప్రతిసారీ పంక్చర్ అవుతోంది. ఏం చేయాలి?

ఇది అందరూ అడిగే ప్రశ్న, కారణం పల్లేరుకాయ. ఒకసారి టైరు నుంచి పీకి అరచేతిలో పెట్టుకుని చూడండి. శనగగింజంత కాయ, ఎటు పడేసినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి, ఎండాక ఇనుప మేకులా గట్టిపడుతుంది. చెల్క అంచుల్లో, పశువులు నిలిచే జాగాల్లో, బాట పక్క దుబ్బలో పరుచుకుని ఉంటుంది. దీనికి తోడు రేగు ముల్లు, సర్కారు తుమ్మ ముల్లు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పుల్లో నుంచే పాదంలోకి దిగుతుంది, టైరు దానికొక లెక్కా?

దీనికి మందు ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్. రంధ్రం పడితే పాలలాంటి ఆ ద్రవం బయటికి చిమ్మి అక్కడే గడ్డకడుతుంది. మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది కాబట్టి ఎండాకాలంలో రెండు నెలలకోసారైనా చూసుకుని పోయాలి. ట్యూబ్‌లెస్ పెట్టుకోలేని సైకిలైతే ట్యూబులోనే సీలెంట్ ఎక్కించుకోండి, ఒక ట్యూబు అదనంగా పెట్టుకోండి. ఇంకో మాట: ముల్లు గుచ్చుకుందని వెంటనే పీకకండి. అది అక్కడే ఉంటే ఇల్లు చేరేదాకా గాలి ఆగొచ్చు. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. ముల్లు మొన విరిగి లోపల ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

రోడ్డు సైకిల్‌లా గట్టిగా వద్దు. 70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో 26 నుంచి 28 పీఎస్‌ఐ, ట్యూబు ఉంటే 32 దాకా. గట్టిగా కొడితే మొరం మీద చక్రం ఎగురుతుంది, జారుతుంది, తొవ్వను గీకుతుంది.

అడవిలో తొక్కడానికి అనుమతి కావాలా?

జాగాను బట్టి. రిజర్వు ఫారెస్టులో చొరబడటం 1967 అటవీ చట్టం ప్రకారం నేరమే. ఊరి బాట అడవి గుండా పోతుంది కదా, నేనూ పోతానంటే కుదరదు. హద్దు రాళ్లు కనబడ్డ చోట ఆగండి. అక్కడి అటవీ శాఖ రేంజి ఆఫీసుకు పోయి ఎవరెవరు, ఏ బాటలో, ఏ రోజు తొక్కుతారో కాగితం మీద రాసిచ్చి అడగండి. మేము ఒకసారి అడగకుండా పోయి బీట్ ఆఫీసరుకు దొరికిపోయాం. ఆయన అరవలేదు. "ఈ గుట్టల మీరు పడి కాలు ఇరిగితే ఎక్కడ పడ్డరో ఎవరికి తెలుస్తది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ముందే చెప్పి పోతున్నాం.

పట్టా భూమి అయితే రైతును అడగాలి. పంట ఉన్నా లేకున్నా అడగాలి. వేరుశనగ పీకేసిన చెల్క బీడులా కనిపిస్తుంది, దాని మీదుగా పది సైకిళ్లు పోతే దున్నే మనిషికి కోపం రాదా?

మొదటిసారి తొక్కేవాళ్లకు, పిల్లలతో వచ్చేవాళ్లకు నా సలహా అప్పన్నపల్లి దగ్గరి అర్బన్ ఎకో పార్కు. జనం మయూరి పార్కు అంటారు. రెండు వేల ఎకరాలు దాటిన అడవి, బాటలు ఉన్నాయి, గేటు ఉంది, సిబ్బంది ఉన్నారు. సైకిల్‌తో లోపల ఎక్కడిదాకా పోవచ్చో గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి.

నల్లమలలో తొక్కొచ్చా?

నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది, అది పులుల ఇల్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అందులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. శ్రీశైలం రోడ్డు మీద పగటిపూట సైకిళ్లు కనిపిస్తాయి, ఆ రోడ్డు కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. రోడ్డు దిగి బాటల్లోకి పోవడం మాత్రం వద్దే వద్దు. సలేశ్వరం జాతరకు తెరిచే బాటను చూసి అది ఏడాదంతా తెరిచి ఉంటుందనుకునేవాళ్లు ఉన్నారు. ఉండదు. ఆ అడవిలో చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఉన్నాయి, వాళ్ల బతుకు అక్కడే. మనకు తొక్కడానికి వేరే గుట్టలు బోలెడున్నాయి.

ఏ నెలల్లో తొక్కితే మంచిది?

అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా బంగారం. అప్పుడు నేల గట్టిగా, కొంచెం తేమగా ఉంటుంది. మార్చి నుంచి పొద్దున 6కు మొదలుపెట్టి 9 లోపు ఇంటికి చేరాలి. ఏప్రిల్, మే నెలల్లో బండలు పొయ్యి మీది పెనంలా కాగుతాయి. మనిషికి 3 లీటర్ల నీళ్లు తప్పనిసరి, గుట్ట మీద దొనలో నీళ్లున్నా అవి గొర్రెలకు, పిట్టలకు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఏం చేయాలో కింది ప్రశ్నలో చెప్తాను.

వాన పడ్డ మరునాడు రావద్దంటారు, ఎందుకు? ఆ రోజే కదా చల్లగా ఉండేది!

మనసు లాగుతుంది, నాకూ తెలుసు. కానీ తడి నేల మీద ఒక్క టైరు గీసిన గాడి ఎండాక అలాగే గట్టిపడుతుంది. వచ్చే వానకు నీళ్లన్నీ ఆ గాడిలో చేరి పరుగెత్తుతాయి. ఒకరోజు సరదాకు ఏడాది తొవ్వ పోతుంది.

అయితే అన్ని నేలలూ ఒకటి కావు. మొరం, ఇసుక కలిసిన చెల్క ఒక్క రోజులో ఆరుతుంది. నల్లరేగడికి మూడు నాలుగు రోజులు పడుతుంది. రేగడి మట్టి టైరుకు, ఫోర్కుకు మధ్య ముద్దలా పట్టి చక్రమే తిరగదు. నల్గొండ జిల్లాలో పొలాల మీదుగా గుట్ట ఎక్కే బాటలు కొన్ని ఇలాంటివే. పరుపు బండ మాత్రం వాన ఆగిన గంటకే తొక్కనిస్తుంది. అందుకే వానకాలంలో బండల మీద సాధన పెట్టుకోండి, మట్టి తొవ్వలకు సెలవు ఇవ్వండి.

చిన్న పరీక్ష: బాట మీద మడమతో గట్టిగా తొక్కండి. అచ్చు లోతుగా పడితే ఇంటికి పొండి. మధ్యలో ఎక్కడైనా నీటి గుంట తగిలితే దాని నడుమ నుంచే పొండి, పక్కగా తిరగొద్దు. పదిమంది పక్కగా తిరిగితే మూరెడు బాట బారెడవుతుంది.

బాటలు ఎందుకు ఒర్రెల్లా కోసుకుపోతున్నాయి? ఎలా బాగుచేయాలి?

ఈ ప్రశ్నకు జవాబు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి. మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలు.

తొవ్వను పాడుచేసేది టైరు కంటే నీళ్లే. పాలమూరులో ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. తక్కువే. కానీ పడితే కుండపోతగా గంటలో పడుతుంది, నేల తాగేలోపే నీళ్లు దొర్లిపోతాయి. ఆ నీళ్లకు గుట్ట వాలు వెంబడి తిన్నగా దిగే బాట దొరికిందా, అదే వాటి కాలువ.

మాకొక బాట ఉండేది. గుట్ట మీది నుంచి తిన్నగా కిందికి, 200 మీటర్లు. దిగుతుంటే గుండె గొంతులోకి వచ్చేది, అందరికీ అదే ఇష్టం. బ్రేకు పట్టి వెనక చక్రం ఈడ్చుకుంటూ దిగేవాళ్లం, మొరం అంతా గీసుకుపోయేది. రెండు వానకాలాలు గడిచేసరికి మోకాలి లోతు ఒర్రె అయింది, చెట్ల వేర్లు గాలిలో వేలాడాయి, ఒకచోట బండ తేలింది. కింద ఉన్న ఒక రైతు కుంటలోకి మా మొరం అంతా చేరింది. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. మేము రాళ్లు, మట్టి గంపలతో మోసి ఒర్రె నింపాం. ఒక్క వానకు అంతా కొట్టుకుపోయింది.

అక్కడే గొర్లు కాసే ఒక తాత రోజూ చూసేవాడు. ఒకనాడు కర్రతో చూపించి చెప్పాడు: "నా గొర్లు ఎట్ల దిగుతున్నయో సూడు బిడ్డా. సక్కగ దిగుతయా? అడ్డంగ పోయి మర్లుతయి. నీళ్లను ఆపొద్దు, పక్కకు తోలాలె." ట్రైల్ కట్టేవాళ్లు దేశదేశాల్లో చెప్పే సూత్రం కూడా అదే. తొవ్వ గుట్టకు అడ్డంగా, మెల్లగా వాలుతూ పోవాలి. గుట్ట పది మీటర్లకు నాలుగు మీటర్లు దిగుతుంటే, తొవ్వ అదే పది మీటర్లకు రెండు మీటర్లకు మించి దిగకూడదు. అంటే గుట్ట వాలులో సగం లోపు. మొత్తం మీద సగటున పది మీటర్లకు ఒక మీటరు దాటకపోతే తొవ్వ ఏళ్లు నిలుస్తుంది.

కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. మేస్త్రీలు పునాది లెవెల్ చూసే సన్నటి నీళ్ల పైపు ఉంటుంది కదా, అదే తెచ్చాం. ఒకరు పైన, ఒకరు కింద, పైపులో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి, టేపుతో తేడా కొలవడమే. మొదటిసారి కొలిచినప్పుడు మా ప్రియమైన బాట పది మీటర్లకు మూడున్నర మీటర్లు దిగుతోందని తేలింది. ఇంక ఎవ్వరూ వాదించలేదు.

తర్వాత మూడు పనులు చేశాం. తొవ్వ బయటి అంచు లోపలి అంచు కంటే కొంచెం కిందికి ఉండాలి. మీటరు వెడల్పుకు ఐదు సెంటీమీటర్లు చాలు, నీళ్లు నిలవకుండా అడ్డంగా జారిపోతాయి. రెండోది, దిగే తొవ్వను పది పదిహేను మీటర్లకోసారి చిన్నగా పైకి లేపి మళ్లీ దింపాలి. ఆ పల్లంలో నీళ్లు ఆగి పక్కకు పోతాయి, సైకిల్ మీద పోయేవాళ్లకు అది అల మీద తేలినట్టు హాయిగా ఉంటుంది. మూడోది, తప్పనిసరిగా నీళ్లు దాటే చోట బండరాళ్లు పరచాలి. ఊరికే పరిస్తే కదులుతాయి. రాయిని నిలువుగా పెట్టి సగానికి పైగా భూమిలో పూడ్చాలి, ఒకదానికొకటి ఆనించాలి, సందుల్లో చిన్న రాళ్లు మేకుల్లా కొట్టాలి. చేత్తో ఊపితే కదలకూడదు.

పాత ఒర్రెను అలాగే వదలకూడదు. అడ్డంగా అక్కడక్కడా రాళ్ల కట్టలు పేర్చి, కంప వేసి మూసేశాం. ఇప్పుడు అందులో దుబ్బ నిలిచి గడ్డి మొలిచింది. పక్కనే మర్లుతూ దిగేలా మార్చిన మా తొవ్వ వానకాలాలు దాటుకుని నిలబడింది.

దిగేటప్పుడు బ్రేకు ఎలా పట్టాలి?

రెండు బ్రేకులూ కలిపి, ఒక్కో వేలితో, మలుపుకు ముందే. వెనక చక్రం తిరగకుండా బిగుసుకుని ఈడ్చుకుపోతుంటే మీరు తొవ్వను దున్నుతున్నట్టే. వాలు ఎక్కువైతే దిగి నడవండి, అందులో చిన్నతనం లేదు.

రాళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

తొవ్వ పక్కన విడిగా పడి ఉన్నవి మాత్రమే, అది కూడా ఆ భూమి ఎవరిదో వాళ్లను అడిగి. రాచకొండ, కోయిల్‌కొండ, దేవరకొండ లాంటి చోట్ల కోట గోడ రాయి ఒక్కటి కూడా ముట్టొద్దు. రాచకొండ 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. పడిపోయినట్టు కనిపించే ఆ రాయికి కూడా చరిత్ర ఉంది. కోట మెట్ల మీద సైకిల్ దింపడం కూడా మేము చేయం, ఎవరైనా చేస్తుంటే ఆపుతాం.

అడ్డొచ్చే కొమ్మలు కొట్టేయొచ్చా?

మొహానికి తగిలే ముళ్లకొమ్మను, అది కూడా అటవీ సిబ్బంది సరేనన్నాక, మొదలు దగ్గర నీటుగా కత్తిరించొచ్చు. సగంలో విరిచి వదిలితే చెట్టు ఎండుతుంది, చెద పడుతుంది. తంగేడు జోలికి పోకండి. మన రాష్ట్ర పువ్వు అని కాదు, బతుకమ్మ వస్తే ఊరి ఆడవాళ్లు తంగేడు కోసం ఈ తొవ్వనే వస్తారు. సీతాఫలం కూడా అంతే. బాలానగర్ సీతాఫలమంటే దేశమంతా పేరు. ఆ కాయలు ఏరి గంపల్లో రోడ్డు మీద అమ్ముకునేవాళ్లకు అదే ఆ రెండు నెలల ఆదాయం.

జనం తాకిడి చెట్టును ఏం చేస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి కొమ్మల మీద ఎక్కి కూర్చున్నాం, ఊగాం, పేర్లు చెక్కాం. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడింది, లోపలికి ఎవరినీ రానివ్వకుండా మూసేశారు. 2018లో చెద తొలిచిన మానుకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగినవాణ్ణి నేను. ఆ సీసాలు చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గొర్లు, పశువులు ఎదురైతే?

ఆగండి, దిగండి, పల్లం వైపు నిలబడి సైకిల్‌ను అడ్డంగా పట్టుకోండి. గంట కొట్టొద్దు. ఒక గొర్రె బెదిరితే మందంతా చెల్కల్లో పడుతుంది, అది తేవడానికి కాపరికి అరపూట. "తాతా, ఎటు పోవాలె?" అని అడిగితే ఆయనే చెప్తాడు. తునికాకు ఏరే ఊర్లలో ఏప్రిల్, మే నెలల్లో ఇంకాస్త జాగ్రత్త. యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబెట్టి ఉంటారు. అటు పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోకండి.

అడవి జంతువుల భయం లేదా?

పాములు ఉన్నాయి: నాగుపాము, కట్లపాము, రక్తపింజర. రాయి ఎత్తేటప్పుడు వేళ్లు కిందికి పెట్టకుండా ముందు గడ్డపారతో కదిలించండి. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు పోవాలి. చిరుత అడుగులు కనిపిస్తే వెనక్కి తిరిగి అటవీ శాఖకు చెప్పండి.

నాకు జంతువుల కంటే ఎక్కువ భయం కరెంటు తీగ. అడవి పందుల కోసం చేల చుట్టూ తీగ పెట్టి కరెంటు వదిలేవాళ్లు ఉన్నారు. చట్టం ఒప్పుకోదు, అయినా పెడతారు, మనుషులు చనిపోతున్నారు. అందుకే తెల్లవారకముందు, పొద్దు గూకాక చేను గట్ల మీద మేము ఎప్పుడూ తొక్కం. మీరూ తొక్కొద్దు.

ఎండాకాలం మంటల సంగతి?

ఫిబ్రవరి నుంచి బోద గడ్డి ఎండి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంటుంది. బీడీ, సిగరెట్, వంట, ఏదీ వద్దు. పొగ కనిపిస్తే ముందు అటవీ శాఖకు ఫోన్, తర్వాత గాలికి ఎదురు దిక్కున బయటికి. చిన్న మంటే కదా అని ఒంటరిగా ఆర్పబోకండి.

కొత్త తొవ్వ మేమే వేసుకోవచ్చా?

వద్దు. ఉన్నవాటినే బాగుచేద్దాం. మలుపు దగ్గర అడ్డదారి తీయడం కూడా కొత్త తొవ్వ వేయడమే, దాంతోనే ఒర్రె మొదలవుతుంది.

తొవ్వ పనికి రావాలంటే ఏం తెచ్చుకోవాలి?

గ్లౌజులు, టోపీ, నీళ్లు, మందపాటి చెప్పులు కాదు, బూట్లు. గడ్డపార, పార, గంపలు, కొడవలి మా దగ్గర ఉంటాయి. పని ఎక్కువ చేసేది వానకాలానికి ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి. మొదటి పెద్ద వాన పడుతుండగా గొడుగు వేసుకుని గుట్ట మీదికి రావడానికి ఇష్టమున్నవాళ్లు మాకు మరీ కావాలి. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ తొవ్వ ఎక్కుతున్నాయో ఆ అరగంటలో కనబడినంతగా ఎండలో ఎన్నడూ కనబడదు. కనబడ్డ చోటల్లా ఒక కర్ర గుచ్చి వస్తాం, తర్వాత ఆదివారం అక్కడే తవ్వుతాం.

పని పొద్దున 6కు మొదలై 9కి అయిపోతుంది. అప్పుడు చింత చెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె, పల్లీల కారం తింటాం, ఎండాకాలం కాకపోతే తర్వాత తొక్కుతాం. కొత్తగా కట్టిన ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం మట్టి ఇంకా కూర్చోలేదు కాబట్టి అందరం దిగి, సైకిల్ భుజాన పెట్టుకుని దాటుతాం.